గుయ్‌మన్నదల్లా వాల్వు తప్పేనా?

ప్రీయాంప్లిఫయరు గుయ్‌మంటే వాల్వు పోయింది. సర్రుమంటే వాల్వు పాతబడింది. చిటపటమంటే వాల్వు నాసిరకం. రోగం ఏదైనా మందు ఒకటే: ఉన్నవి పీకి కొత్తవి పెట్టు, అప్పటికీ తగ్గకపోతే ఇంకా ఖరీదైనవి తెప్పించు. హైఫై మీద మోజున్నవాళ్ళ మధ్య ఇప్పుడు చలామణీలో ఉన్న వైద్యమంతా ఇంతే. అమ్మేవాడూ ఇదే చెబుతాడు, కొన్నవాడూ ఇదే చెబుతాడు. ఒకసారి కొన్నాక కొన్నవాడు అమ్మేవాడికంటే గట్టిగా చెబుతాడు, ఖర్చు పెట్టింది తను కాబట్టి.

ఈ మాట తప్పు. అప్పుడప్పుడూ గురి తప్పే మంచి సలహా కూడా కాదిది, మొదలే తప్పు. శబ్దం ఎక్కడ పుడుతోందో తేలకముందు వాల్వు మార్చడాన్ని మరమ్మతు అనకూడదు. సంతలో వస్తువు కొనుక్కోవడం అనాలి. ప్రీయాంప్లిఫయరులో పుట్టే రొదలో ఎక్కువ భాగానికి వాల్వుతో సంబంధమే ఉండదు. సంబంధం ఉన్న కొద్ది సందర్భాల్లో ఆ సంగతి రూపాయి ఖర్చు లేకుండా, కొత్త వాల్వు ముఖం చూడకుండా తేల్చుకోవచ్చు.

ఈ మాట నేను వడోద్ నుంచి రాస్తున్నాను కాబట్టి ముందు ఊరి సంగతి కొంత చెప్పాలి. సూరత్ నగరానికి దక్షిణాన పాండేసర, బమ్రోలీ, భేస్తాన్‌ల సరసన ఉన్న పేట ఇది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి సాంచెల (మరమగ్గాల) పని కోసం వచ్చి తరాలుగా సూరత్‌లో పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్ళలో పాటల పిచ్చి ఉన్నవాళ్ళకు కరువు లేదు. ఘంటసాల భగవద్గీత రికార్డు దాచుకున్న ఇళ్ళున్నాయి. ఒకరిద్దరు ముంబై లామింగ్టన్ రోడ్డు నుంచో, అహ్మదాబాద్ ఆదివారం సంత నుంచో వాల్వు సెట్లు మోసుకొచ్చుకుంటారు. చుట్టూ మగ్గాల షెడ్లు, మోటార్లు, ఒకే మీటరు మీద వేలాడే గదులు, ఎర్తు ఉందో లేదో ఎవరికీ తెలియని బోర్డులు. కరెంటు మురికి అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకు మించిన బడి లేదు. ఇలాంటి చోట కూర్చుని కూడా గుయ్‌మన్నదల్లా వాల్వు మీదకు తోస్తున్నామంటే కళ్ళు మూసుకుని వైద్యం చేస్తున్నట్టే.

మా మేనబావ ఒకాయన సంగతి చూడండి. “వాల్వులు మార్పిచ్చిన బావా, గుయ్యి మాత్రం పోతలేదు” అంటూ వచ్చాడు. వేరే ఊరి దుకాణం వాడు ముందు ఒక జత పంపాడు, తర్వాత ఇంకా “నిశ్శబ్దమైన” జత ఇంకో ధరకు పంపాడు. సెట్టు మూత ఎవరూ తీయలేదు. ఆయన ఇంట్లో సెట్టు వినడానికి ముందు నేను అడిగిందొక్కటే: “పంకా బందు చెయ్యి.” పంకా ఆపగానే రొదలో కర్కశంగా ఉన్న భాగం మాయమైంది. మళ్ళీ వేసి రెగ్యులేటరు పూర్తిగా పైకి తిప్పితే కొంచెమే వినబడింది, మధ్యలో పెడితే జుర్రుమంది. చవక ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులో ఉండే ట్రయాక్ కరెంటు అలను సెకనుకు వంద సార్లు మధ్యలో కోస్తుంది, ఆ కోతే తీగల మీదుగా సెట్టులోకి దూరుతుంది. రెగ్యులేటరు మార్చి కండెన్సర్లతో అంచెలంచెలుగా తిరిగే రకం పెట్టుకుంటే సరిపోయింది. అప్పటికే ఆయన కొన్న వాల్వుల ఖరీదుతో పంకాలే కొనుక్కోవచ్చు.

అందుకే మొదటి పరికరం చెవి, రెండోది స్విచ్చి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నేరుగా పుట్టిన గుయ్ లోతుగా, మెత్తగా, గుండెల్లో మోగినట్టు ఉంటుంది. రెక్టిఫయరు తర్వాత మిగిలిన అలల గుయ్ 100 హెర్ట్జ్ దగ్గర, ఒక స్థాయి పైన, కొంచెం గరుకుగా ఉంటుంది. ఈ రెంటి తేడా పట్టుకోవడం కష్టం కాదు, పాట పాడేవాళ్ళకైతే మరీ తేలిక. 100 హెర్ట్జ్ గుయ్ శుద్ధంగా వినిపిస్తుంటే పవర్ సప్లయిలోని ఫిల్టరు కండెన్సర్లు ఎండిపోయాయేమో చూడాలి. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షులో సుమారు సగం పోగొట్టుకుంటుంది. పక్కనే వాల్వుల సెగ, పైన సూరత్ ఎండ. అది ఎండకుండా ఎన్నాళ్ళుంటుంది? ప్రపంచంలోని అత్యుత్తమమైన వాల్వు తెచ్చిపెట్టినా ఆ గుయ్ తగ్గదు, ఎందుకంటే అది పవర్ సప్లయి నుంచి వస్తోంది, వాల్వు దాన్ని నిజాయితీగా పెంచి చూపిస్తోంది, అంతే.

సాంచెల మీద పెరిగినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. బట్ట మీద ఒకే తప్పు ఒకే ఎడంలో మళ్ళీ మళ్ళీ పడుతుంటే మగ్గాలు బాగుచేసే జాబర్ నూలును తిట్టడు, మగ్గం చూస్తాడు. తప్పు ఒకచోట, మరోచోట, లెక్కాపత్రం లేకుండా పడితేనే నూలు చేతికి తీసుకుంటాడు. సెట్టులోనూ అంతే. లయ ఉన్న రొద కరెంటుది, ఎర్తుది. లయ లేని చిటపట భాగాలది, ఆ భాగాల్లో వాల్వు ఒకటి, అదొక్కటే కాదు.

రొద సెట్టులోకి రావడానికి దారులు ఎన్నున్నాయో, అందులో వాల్వు వాటా ఎంతో చూద్దాం. రికార్డు ప్లేయరు నుంచి వచ్చే సన్నటి ఎర్తు తీగ ఊడిపోతే వచ్చేంత గుయ్ ఇంకెక్కడా రాదు. ఎందుకో తెలియాలంటే ఫోనో సర్క్యూట్ పద్ధతి తెలియాలి. రికార్డు కోసేటప్పుడు మంద్రనాదాన్ని తగ్గించి కోస్తారు, వినేటప్పుడు ప్రీయాంప్లిఫయరు దాన్ని తిరిగి పెంచుతుంది. ఆర్‌ఐఏఏ వంపు అనేది ఇదే. దాని ప్రకారం 50 హెర్ట్జ్ దగ్గర ఉన్న శబ్దం 1000 హెర్ట్జ్ దగ్గర ఉన్నదానికంటే సుమారు ఏడు రెట్లు ఎక్కువగా పెరుగుతుంది. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చేది అయిదు మిల్లీవోల్టులు మాత్రమే. అంత చిన్న సంకేతంలోకి ట్రాన్స్‌ఫార్మరు నుంచి, పక్కనే పోతున్న కరెంటు తీగ నుంచి పిసరంత గుయ్ చొరబడితే అది మధ్య స్వరాలకంటే ఏడింతలు ఎక్కువగా పెరిగి బయటికొస్తుంది. ప్లేయరును ప్రీయాంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మరు పక్క నుంచి జరపండి. కేబులు దారి మార్చండి. ఆ ఎర్తు తీగ బిగించండి. ఇవన్నీ ఉచితం.

ఇక ఎర్తు సంగతి. ప్రీయాంప్లిఫయరు ఒక బోర్డు నుంచి, పవర్ యాంప్లిఫయరు ఎదుటి గోడ బోర్డు నుంచి కరెంటు తీసుకుంటున్నాయనుకుందాం. రెండు బోర్డుల ఎర్తుల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉన్నా చాలు. రెండు పెట్టెలనూ కలిపే సిగ్నల్ కేబులు పైతొడుగు గుండా కరెంటు ప్రవహిస్తుంది, అది పాటతో కలిసి గుయ్‌మంటుంది. కేబుల్ టీవీ తీగ సెట్టుకు ఏ దారినైనా కలిసి ఉంటే అదీ ఇలాంటి ఎర్తు వలయమే. టీవీ తీగ పీకి చూస్తే తెలిసిపోతుంది. రెండు పెట్టెలనూ ఒకే బోర్డు మీదకు తెస్తే సగం గొడవలు సమసిపోతాయి.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. గుయ్ తగ్గుతుందని ప్లగ్గులోని మూడో పిన్ను తీసేసే అలవాటు ఉంది. తగ్గుతుంది కూడా, అదే ప్రమాదం. లోపల మూడు వందల వోల్టుల దాకా ఉన్న పెట్టె అది. లోపల ఏ తీగ తెగి డబ్బాకు తగిలినా ఆ ఎర్తే మనిషిని కాపాడేది. చెవికి సుఖం కోసం ప్రాణానికున్న కంచె పీకేసే సలహా ఇచ్చేవాడెవడైనా సరే, వాడి దగ్గర వాల్వులు కూడా కొనకండి. ఎర్తు లేని గదిలో ఉంటే ఇంటివాణ్ణి అడిగి ఎర్తు వేయించుకోండి. మాటకు ఒప్పుకోకపోతే ఇల్లు మారడం మంచిది, మాట వరసకు అనడం లేదు.

ఇన్వర్టరుదీ కరెంటు మురికి కథే. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు గుయ్ రెట్టింపైతే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరన్నమాట. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు, షెడ్డులో మోటారు స్టార్టరు పడ్డప్పుడల్లా వచ్చే టప్పు, వీటి మీద పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక్కొక్కటీ ఆపి వినండి.

“ఇవన్నీ సరే, నేను వాల్వు మార్చాను, రొద తగ్గింది, మరి దీనికేమంటారు?” అనేవాళ్ళున్నారు. ఇదే అవతలివాళ్ళ దగ్గరున్న గట్టి వాదన కాబట్టి దీనికి జవాబు పూర్తిగా చెప్పాలి.

మొదటిది, వాల్వు మార్చేటప్పుడు వాల్వొక్కటే మారదు. పాతది పీకి కొత్తది నొక్కేటప్పుడు తొమ్మిది పిన్నులు సాకెట్టులోని తొమ్మిది తగులుళ్ళను రాస్తాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు, నాలుగు నెలలు తడి గాలి, చుట్టూ నూలు దుమ్ము. ఆ తగులుళ్ళ మీద పట్టిన పాచి ఆ రాపిడికి పోతుంది. పాతదే పీకి మళ్ళీ పెట్టి ఉంటే కూడా రొద తగ్గేదే. కానీ ఎవరూ పాతదాన్ని మళ్ళీ పెట్టి చూడరు, పెడితే డబ్బు దండగైందని ఒప్పుకోవాలి.

రెండోది ఇంకా సూక్ష్మమైన మోసం. ఇసిసి83 అనీ 12ఏఎక్స్7 అనీ పిలిచే వాల్వు పెంపు శక్తి వంద. అదే సాకెట్టులో కూర్చునే 5751 శక్తి డెబ్భై. ఒకదాని బదులు ఇంకోటి పెడితే రొద దాదాపు మూడు డెసిబెల్లులు తగ్గుతుంది. పాట కూడా అంతే తగ్గుతుంది. మీరు వాల్యూమ్ కాస్త పెంచుకుంటారు, రొద యథాస్థానానికి వస్తుంది. మొదటి రోజు “ఎంత నిశ్శబ్దం!” అనిపించిందంతా ఇదే. ఇసిసి82 పెడితే ఈ “నిశ్శబ్దం” ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాని శక్తి ఇరవై లోపే.

మూడోది మన చెవి. డబ్బు పెట్టిన రోజు చెవి బాగా వింటుంది. దీనికి పరీక్ష ఒకటే: ఇంకొకరిని పిలిచి, ఏ వాల్వు పెట్టారో మీకు చెప్పకుండా మార్పించుకుని వినండి. ఈ పరీక్షకు ఒప్పుకునేవాళ్ళు నాకు ఎక్కువమంది తగల్లేదు.

ఇంకో వాదన కూడా ఉంది, ఇది నీరసంగా ఉన్నా ఎక్కువ ప్రచారంలో ఉంది: “వాల్వు సెట్టన్నాక కాస్త రొద సహజం.” దీన్ని అంకెల్లో చూద్దాం. ఏ రెసిస్టెన్సు అయినా వేడి వల్ల తనంత తాను శబ్దం పుట్టిస్తుంది. బెల్ లాబ్స్‌లో జాన్సన్ దీన్ని కొలిచి, నైక్విస్ట్ లెక్క కట్టి, ఇద్దరూ 1928లో ప్రకటించారు. మీ చేతితో తిప్పే లక్ష ఓముల వాల్యూమ్ కంట్రోలును సంకేతం సగమయ్యే చోట పెట్టారనుకోండి, అప్పుడది పాతిక వేల ఓముల రెసిస్టెన్సుగా కనిపిస్తుంది. మామూలు గది వేడిలో, మనం వినగల 20 కిలోహెర్ట్జ్ మేరకు, అది పుట్టించే శబ్దం దాదాపు 2.9 మైక్రోవోల్టులు. ఇసిసి83 వాల్వుకు పుస్తకాల్లో వాడే లెక్క ప్రకారం సమానమైన రెసిస్టెన్సు పదిహేను వందల ఓముల పైచిలుకు. దాని శబ్దం 0.7 మైక్రోవోల్టుల దగ్గర. కాథోడ్ నుంచి పుట్టే ఫ్లికర్ శబ్దం దీనికి కలుస్తుంది కాబట్టి నిజం ఈ లెక్క కంటే ఎక్కువే ఉంటుంది, కాదనను. కానీ మంచి స్థితిలో ఉన్న వాల్వు, పక్కనున్న మామూలు రెసిస్టెన్సుల ముందు రాక్షసి కాదని ఈ అంకెలు చెబుతున్నాయి. చక్కగా కట్టిన వాల్వు ప్రీయాంప్లిఫయరులో కుర్చీలో కూర్చుని వింటే రొద వినబడకూడదు. ఘంటసాల గీతలో శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య ఆగే క్షణంలో రికార్డు సూది శబ్దం వినబడాలి, సెట్టు వినబడకూడదు. వినబడితే అది జబ్బే, స్వభావం కాదు.

చిటపట విషయంలో వాల్వుకు జరిగే అన్యాయం ఇంకా పెద్దది. పాత సెట్లలో వాల్వు ప్లేటుకు పెట్టే కార్బన్ రెసిస్టెన్సులు వయసుతోపాటు చిటపటమంటాయి. వాటి మీద ఎప్పుడూ వంద వోల్టులకు పైనే ఉంటుంది. మెటల్ ఫిల్మ్ రకం వేస్తే ఆ బాధ పోతుంది, ఖర్చు కొన్ని రూపాయలు. ఇంకో దొంగ కప్లింగ్ కండెన్సరు. ప్లేటు మీది హెచ్‌టీని (ఎక్కువ డీసీ వోల్టేజీని) ఆపి పాటను మాత్రమే ముందుకు పంపడం దాని పని. అది కారడం మొదలుపెడితే డీసీ వాల్యూమ్ కంట్రోలు దాకా వస్తుంది. అప్పుడు బిరడా తిప్పితే చాలు గరగర. జనం కంట్రోలులో స్ప్రే కొడతారు, రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదలు. తర్వాత కంట్రోలు మారుస్తారు. ఆ తర్వాత, ఊహించే ఉంటారు, వాల్వులు మారుస్తారు. మల్టీమీటరు కంట్రోలు కొసన పెట్టి డీసీ చూస్తే కథ తేలిపోయేది. అక్కడ సున్నా ఉండాలి. వోల్టుల్లో కనబడితే కండెన్సరే.

వాల్వు ఎప్పుడూ నిర్దోషి అని నేననడం లేదు. వాల్వులు చెడిపోతాయి. లోపల వెండిపూతలా మెరిసే గెటరు పాలలా తెల్లబడితే గాలి జొరబడిందని అర్థం, ఆ వాల్వుతో ఇక వాదన లేదు. హీటరుకూ కాథోడ్‌కూ మధ్య లీకేజి వస్తే 50 హెర్ట్జ్ గుయ్ వాల్వు నుంచే పుడుతుంది. గాజు మీద పెన్సిలుతో మెల్లగా తడితే మొదటి అంచె వాల్వు కాస్త టింగుమనడం మామూలే, ఆ టింగు సాగి గంటలా మోగితే మాత్రం దాన్ని మైక్రోఫోనిక్ అనాలి. మగ్గాల షెడ్డు గోడకు ఆనుకున్న ఇంట్లో నేలంతా అదురుతుంటే అలాంటి వాల్వు అదురును పాటలో కలుపుతుంది. అక్కడ వాల్వు మార్చండి, లేదా సెట్టును బల్ల మీంచి తీసి గట్టి గోడ అరలో పెట్టి చూడండి. షెడ్డు అదురు ప్లేయరు సూదికి కూడా తగులుతుందని మరచిపోకండి. ఆ దడదడకు వాల్వును ఉరితీసినవాళ్ళను చూశాను.

నేరం వాల్వుదని రుజువు చేయడానికి కొత్త వాల్వు అక్కర్లేదు. ఎడమ చానెల్లో రొద ఉంటే, ఎడమ వాల్వునూ కుడి వాల్వునూ అటూ ఇటూ మార్చండి. రొద కుడికి వెళితే వాల్వే దోషి. ఎడమనే ఉండిపోతే వాల్వును వదిలేయండి. ఒక్క జాగ్రత్త ఉంది: ఇసిసి83 లాంటివి ఒకే గాజులో రెండు ట్రయోడ్లు. కొన్ని సెట్లలో ఒకే వాల్వులో సగం ఎడమకూ సగం కుడికీ పనిచేస్తుంది. మీ సెట్టు ఆ రకమైతే ఈ పరీక్ష పనికిరాదు, బాగున్నదని తెలిసిన ఒక వాల్వును అరువు తెచ్చుకోవాలి. రెండు చానెళ్ళలోనూ ఒకే రొద ఒకేలా ఉంటే మాత్రం రెండు వాల్వులు ఒకేరోజు ఒకే జబ్బు పడ్డాయని నమ్మడం కంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్న పవర్ సప్లయినీ ఎర్తునూ అనుమానించడం తెలివి. అసలు రొద ప్రీయాంప్లిఫయరుదేనా? పవర్ యాంప్లిఫయరు ఇన్‌పుట్లకు, సంకేతం కొననూ ఎర్తునూ కలిపేసే షార్టింగ్ ప్లగ్గులు పెట్టి వినండి. అప్పుడూ గుయ్‌మంటుంటే ఇంతసేపూ వేరే పెట్టెను తిడుతున్నాం. ప్రీయాంప్లిఫయరుదేనని తేలితే వాల్యూమ్ తిప్పండి. రొద కూడా పెరిగి తగ్గితే కంట్రోలుకు ముందున్న అంచెది, కదలకుండా ఉంటే తర్వాతి అంచెది. సగం సెట్టును ఒక్క మలుపుతో విడుదల చేసినట్టే.

మార్చక తప్పనప్పుడు పద్ధతిగా మార్చండి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. మూత తీయాల్సి వస్తే ఫిల్టరు కండెన్సర్లలో ఛార్జి ఇంకా మిగిలి ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా చంపగలదది. మల్టీమీటరుతో కొలిచి వోల్టేజీ దిగిపోయిందని చూడనిదే లోపల వేలు పెట్టొద్దు. ఈ పని ఎప్పుడూ చేయనివాళ్ళు తెలిసిన మెకానిక్ చేతే చేయించండి. వాల్వు చల్లారనిచ్చి, తిప్పకుండా, కొద్దిగా అటూ ఇటూ ఊపుతూ నిటారుగా పైకి తీయాలి. కొత్తదాని పిన్నులు వంకరగా ఉంటే ముందు సరిచేసి, ఒకటో పిన్నుకూ తొమ్మిదో పిన్నుకూ మధ్య ఉన్న ఖాళీని సాకెట్టు ఖాళీతో కలిపి నొక్కాలి. అన్నిటికంటే ముఖ్యం, తొమ్మిది పిన్నులున్నాయి కదా అని ఏదిబడితే అది పెట్టకూడదు. ఇసిసి83కూ ఇసిసి88కూ ఆకారం ఒకటే, హీటరు కట్టిన తీరు వేరు. ఇసిసి83 హీటరును 12.6 వోల్టులకు కట్టిన సాకెట్టులో 6.3 వోల్టుల ఇసిసి88 పెడితే కొత్త వాల్వు పాటకు ముందే మాడిపోతుంది. ఇసిసి83 హీటరు మధ్య కొన తొమ్మిదో పిన్నుకు వస్తుంది, ఇసిసి88లో ఆ పిన్ను లోపలి తెరది. సెట్టు అడుగున రాసిన నంబరే మాట, స్నేహితుడి సలహా కాదు.

“నా వాల్వులు ఏడాదికే పోతున్నాయి” అనేవాళ్ళు ట్రాన్స్‌ఫార్మరు ట్యాపింగు చూసుకోవాలి. పాత సెట్లలో చాలావాటిని 220 వోల్టులకు పెట్టి వదిలేశారు. చుట్టుపక్కల మగ్గాలు ఆగి లోడు దిగిన రాత్రి గోడ బోర్డులో 245 వోల్టులు వచ్చాయనుకుందాం. హీటరుకు 6.3 బదులు 7 వోల్టులు పోతాయి. సాధారణంగా పది శాతం దాకా ఓర్చుకుంటుందంటారు, అంటే 6.93. మీరు దాన్నీ దాటేశారు, హెచ్‌టీ కూడా అదే లెక్కన పెరిగింది. వాల్వు నాసిరకం కాదు, దాన్ని రోజూ వేయిస్తున్నారు. 240 ట్యాపింగు ఉంటే దానికి మార్పించండి. అమెరికా నుంచి అల్లుడు తెచ్చిన సెట్టుకు ఇంకో చిక్కు ఉంది. స్టెప్‌డౌన్ పెట్టి 117 వోల్టులు ఇచ్చినా కరెంటు 60 హెర్ట్జ్ బదులు 50 కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు కోరులో అయస్కాంత ప్రవాహం అయిదో వంతు ఎక్కువవుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతుంది, గుంయ్‌మంటుంది, ఆ గుంయ్ పక్కనున్న సన్నటి తీగల్లోకి దూరుతుంది. అల్లుణ్ణీ వాల్వునూ ఏమీ అనకండి.

ఇంత తేలికైన సంగతులుండగా వాల్వు మీదే అందరి కళ్ళూ ఎందుకు పడుతున్నాయంటే, సెట్టులో టంకం పుల్ల లేకుండా చేత్తో పీకి పెట్టగలిగేది అదొక్కటే. కండెన్సరు మార్చాలంటే పని తెలియాలి, వాల్వు మార్చాలంటే డబ్బుంటే చాలు. పైగా అది వెలుగుతుంది, కళ్ళకు కనిపిస్తుంది, పేరుంటుంది, ఊరుంటుంది. మన దేశంలో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో బెంగళూరులో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఆ రోజుల్లో రేడియో షాపులో పప్పు బెల్లాల్లా దొరికిన ఆ వాల్వులే ఇప్పుడు “పాత స్టాకు” అని అద్దాల పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. మంచి వాల్వులే, కాదనను. కానీ గాజు మీది అక్షరాలు వేలితో రుద్దితే పోతాయి, మళ్ళీ వేయడం ఎంతసేపు? పేరున్న మల్లార్డ్ కంపెనీ ముద్ర ఉన్నదల్లా మల్లార్డ్ కాదు. వాల్వు ఎంత పాతదైతే అంత నిశ్శబ్దమని ఏ కొలతా చెప్పలేదు. పెట్టెలో అరవై ఏళ్ళు పడుకున్న వాల్వు కొత్తదే కావొచ్చు, లీకైనదీ కావొచ్చు, కొలిస్తేనే తెలుస్తుంది. ఇప్పటికీ స్లొవాకియా, రష్యా, చైనాల్లో ఇసిసి83లు తయారవుతున్నాయి, ఫోనో మొదటి అంచెకు శబ్దం కొలిచి ఏరినవి అడిగి తీసుకుంటే ఆ కాస్త అదనపు ధరకు న్యాయం ఉంది. తర్వాతి అంచెలకు ఆ అదనం ఇవ్వడం వృథా, ఎందుకంటే అక్కడికి చేరేసరికి పాట ఎన్నో రెట్లు పెద్దదై ఉంటుంది.

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ అని ఎలక్ట్రానిక్ సామాను దొరికే సందుంది. అటువైపు నుంచి గుజరాత్ దాకా వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళలో ఊరికి వెళ్ళినప్పుడు వాల్వుల జాబితా పట్టుకుపోయేవాళ్ళున్నారు. ఈసారి జాబితా మార్చండి. రెండు షార్టింగ్ ప్లగ్గులు, ఒక మంచి మల్టీమీటరు, తగులుళ్ళు తుడిచే క్లీనరు డబ్బా, కొన్ని మెటల్ ఫిల్మ్ రెసిస్టెన్సులు, ఫిల్టరుకు సరిపడే కండెన్సర్లు. అన్నీ కలిపినా ఒక జత పేరున్న వాల్వుల ధరకు రావు.

ఇప్పటికే మార్చేసినవాళ్ళకు ఒక్క మనవి: తీసేసిన పాత వాల్వులు పారేయకండి, ఎవరికీ చవకగా అమ్మేయకండి. గుడ్డలో చుట్టి దాచి, ఎర్తూ పంకా రెగ్యులేటరూ కండెన్సర్లూ సరిచేయించాక మళ్ళీ పెట్టి వినండి. చాలామంది సెట్లలో అవే బాగా పనిచేస్తాయి.